మడతపడే అద్దానికి నలుపు

ఖతర్‌లో దుఖాన్ నుంచి అల్ రయ్యాన్ వైపు సాయంత్రం పూట కారులో వచ్చేవాళ్లకు ఎండ వెనక నుంచి కొడుతుంది. ఆ రోడ్డు పడమర నుంచి తూర్పుకు వస్తుంది. దిగిపోతున్న సూర్యుడు వెనక అద్దంలోంచి దూరి, డ్రైవరు ముందున్న మిర్రర్‌లో పడి కళ్లలో గుచ్చుకుంటాడు. పొద్దున్నే దుఖాన్ వైపు వెళ్లేటప్పుడూ అదే బాధ. మామూలు కారయితే వెనక గాజుకు సన్ ఫిలిం వేయించుకోవచ్చు. గుడ్డ టాపు కారుకు, అందులోనూ పాతదానికి, ఆ దారి లేదు. దాని వెనక కిటికీ గాజు కాదు, టాపుతో పాటు మడతపడే మెత్తటి ప్లాస్టిక్.

నా దగ్గరున్నది 1990ల నాటి మాజ్డా ఎంఎక్స్-5. ఈ కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. మొదటి తరం కార్లకు వెనక కిటికీ ప్లాస్టిక్‌దే. చుట్టూ జిప్పు ఉంటుంది. టాపు దించే ముందు జిప్పు తీసి, కిటికీని వెనక్కి పడుకోబెట్టాలి. 1998లో వచ్చిన రెండో తరానికి గాజు పెట్టారు. పోర్షే బాక్‌స్టర్ కూడా 1996లో ప్లాస్టిక్ కిటికీతోనే వచ్చి, 2002లో గాజుకు మారింది. ఖతర్‌లో ఎడారికి తీసుకెళ్లే జీప్ రాంగ్లర్ల గుడ్డ టాపులకు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ప్లాస్టిక్ కిటికీలే కనిపిస్తాయి. కాబట్టి ఇది పాత కార్ల మీద మోజున్న నలుగురి గొడవ కాదు. సల్వా రోడ్డు దాటి ఇండస్ట్రియల్ ఏరియాలోకి, మనవాళ్ల నోట్లో సనాయాలోకి వెళ్తే, సీటు కవర్లు, టాపులు కుట్టే షాపుల్లో ఈ పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

ఆ షాపుల్లో ఒకదానిలో కామారెడ్డి వైపు నుంచి వచ్చిన మాస్టర్ ఒకాయన ఉన్నాడు. వయసులో నాకంటే పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన సార్ అనడం మానడు. వెనక కిటికీకి నలుపు ఫిలిం వేయమని అడిగితే ఆయన కిటికీని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా వంచి చూపించాడు.

"సార్, మీరు అడిగిండ్రని ఫిలిం ఏస్తే పైసలు ఇయ్యాల్నే అస్తయి. నెల తిరగకముందే బుడగలు లేస్తయి. మళ్ల ఫిలిం పీకుదామంటే జిగురు దిగది. థిన్నర్ పెట్టి రుద్దితే షీటే తెల్లగైతది. గందుకే నేను ఎయ్య."

ఆయన అన్నదాని వెనక రసాయన శాస్త్రం ఉంది. ఆ కిటికీ పీవీసీతో చేసింది. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. మన ఇళ్లలో నీళ్ల పైపులు దానివే. 1926లో అమెరికాలోని బీ.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్, కొన్ని ద్రవాలు కలిపి వేడిచేస్తే ఇదే పీవీసీ మెత్తగా సాగుతుందని కనుక్కున్నాడు. ఆ ద్రవాలనే ప్లాస్టిసైజర్లంటారు. అవి పీవీసీతో రసాయనికంగా ముడిపడి ఉండవు. అణువుల సందుల్లో ఉండి వాటిని ఒకదాని మీద ఒకటి జారనిస్తాయి, అంతే. ఎండ తగిలేకొద్దీ అవి మెల్లగా పైకి ఊరి గాలిలో కలుస్తాయి. ఎండలో ఆగిన కారు ముందు గాజుకు లోపలివైపు జిడ్డు పొర పట్టడానికి ఒక కారణం ఇదే. పైకి ఊరే ఆ ద్రవానికి అడ్డంగా ఫిలిం అతికిస్తే అది జిగురులోకి పోతుంది. జిగురు పట్టు వదిలేస్తుంది.

సన్ ఫిలిం పాలియెస్టర్‌తో చేస్తారు. అది గాజు కోసం పుట్టింది. సబ్బునీళ్లు చల్లి, స్క్వీజీతో నీళ్లు లాగేసి, వంపులున్న చోట హీట్ గన్‌తో ముడుచుకునేలా చేసి అతికిస్తారు. గాజు కదలదు కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. మెత్తటి పీవీసీ ఎండకు బాగా సాగుతుంది, చలికి బిగుస్తుంది. పాలియెస్టర్ ఆ సాగుడు సాగదు. హీట్ గన్ పెడితే పీవీసీయే వంకర తిరుగుతుంది. పైగా ఒక్కసారి టాపు దించితే మడత దగ్గర ఫిలిం విరిగి తెల్లటి గీత పడుతుంది. డబ్బాల్లో దొరికే నలుపు స్ప్రే అంతకన్నా చెడ్డది. అందులోని ద్రావకం పీవీసీని తింటుంది. ఎండిన పూత మడతల్లో పగిలి పొట్టు లేస్తుంది.

మరి దారేమిటి? తయారీలోనే పొగరంగు కలిపిన పీవీసీ షీటు తెచ్చి, పాత కిటికీ విప్పి, దాని స్థానంలో కుట్టడం. రంగు పదార్థం లోపలే ఉంటుంది కనుక ఊడేది లేదు, పొట్టు లేచేది లేదు. షీటు ఎంత మడతపడితే రంగూ అంతే మడతపడుతుంది. రాంగ్లర్ లాంటి వాటికయితే జిప్పుతో వచ్చే కిటికీలే పొగరంగులో సిద్ధంగా దొరుకుతాయి. నా కారుకు కుట్టాల్సిందే.

మాస్టర్‌కు ఈ పని ఖతర్ నేర్పలేదు. ఆయన కామారెడ్డిలో ఏళ్లపాటు ఆటోలకు టాపులు కుట్టాడు. మన ఆటో వెనకవైపు రెగ్జిన్ టాపులో ఒక ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది కదా, అదీ ఇదీ ఒకే కుటుంబం. హీరో బొమ్మ అంటించడానికి చాలామంది డ్రైవర్లు చూసుకునే చోటు అదే. విజయవాడ ఆటోనగర్‌లోనూ, జిల్లా కేంద్రాల్లో ఆటో స్టాండ్ల పక్కన మిషన్ వేసుకుని కూర్చునే షాపుల్లోనూ, జీపులకు, ఆటోలకు, లారీ సీట్లకు కుట్టే చేతులు ఎన్నో. వాటిలో కొన్ని గల్ఫ్‌కు వచ్చి ఇప్పుడు జర్మనీ, జపాన్ కార్ల టాపులు విప్పి కుడుతున్నాయి. ఊళ్లో వీళ్లందరినీ కలిపి గల్ఫ్ కూలీలు అనేస్తాం. ఆ మాటలో వాళ్ల చేతిపని జాడే ఉండదు.

కుట్టే ముందు ఆయన రెండు షీటు ముక్కలు తెచ్చాడు. ఒకటి లేత పొగరంగు, ఒకటి ముదురు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కిటికీ జాగాలో ఒక్కో ముక్కా అడ్డం పట్టించి, తాను కారు వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమన్నాడు. మధ్యాహ్నం రెండింటిలోనూ చెప్పగలిగాను. నాకు ముదురుదే నచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. మగ్రిబ్ నమాజు అయ్యేదాకా ఆగమన్నాడు. చీకటి పడ్డాక మళ్లీ అదే పరీక్ష. ముదురు ముక్కలోంచి మనిషి ఆకారం తెలుస్తోంది, వేళ్లు తెలియడం లేదు.

"ఆటోకైనా గింతే సార్. రాత్రి ఎనక కనబడకపోతే గది కిటికీ కాదు, రెగ్జిన్ ముక్క."

లేతదే ఖాయం చేశాం. గుడ్డ టాపు కారుకు వెనక మూలల్లో కనపడని జాగా మామూలు కార్లకంటే ఎక్కువ. ఉన్న ఒక్క కిటికీని చీకటి చేసుకుంటే రివర్సు తీసేటప్పుడు వెనకున్న పిల్లవాడు కనపడడు. పాత ప్లాస్టిక్ పసుపెక్కి మసకబారిందని, ఆ మసక కనపడకుండా పైన నలుపు వేయించుకునేవాళ్లున్నారు. మసక మీద నలుపు పడితే కిటికీ రెండింతలు గుడ్డిది అవుతుంది. అలాంటి షీటు మార్చడం తప్ప మార్గం లేదు.

కుట్టు దగ్గర కూర్చుని చూశాను. పాత కుట్టు దారం దారంగా విప్పి, పాత కిటికీని బల్ల మీద పరిచి, దళసరి కాగితం మీద దాని గీత గీసుకున్నాడు. కొత్త షీటుకు రెండువైపులా ఉన్న రక్షణ కాగితం తీయకుండానే కోశాడు. గుండుసూదులు ముట్టలేదు. గుడ్డకు పడిన సూది బెజ్జం పూడుకుంటుంది, ప్లాస్టిక్‌కు పడింది జన్మంతా ఉంటుంది. అందుకే అంచులన్నిటికీ క్లిప్పులు పెట్టాడు. కుట్టు కూడా బాగా ఎడంగా వేశాడు. దగ్గర దగ్గరగా వేస్తే షీటు తపాలా బిళ్ల అంచులా బెజ్జాల వెంబడి చిరుగుతుంది. మిషన్ పాదం ప్లాస్టిక్‌కు అంటుకుని లాగకుండా కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తరవాత ఆ కాగితాన్ని చింపి తీసేశాడు. వాడింది పాలియెస్టర్ దారం. నూలు దారం ఈ ఎండకూ తేమకూ త్వరగా చీకిపోతుంది. మూల తిరిగే చోట మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పి ఒక్కో కుట్టే వేశాడు. ఆ నాలుగు మూలలకు పట్టిన సమయంలో మూడు వైపులు కుట్టేయవచ్చు.

ఇక చల్లదనం సంగతి. నలుపు వేయిస్తే కారు చల్లబడుతుందని చాలామంది నమ్మకం. సూర్యుడి వేడిలో సుమారు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్లోనే వస్తుంది. పొగరంగు ముఖ్యంగా ఆపేది కంటికి కనపడే వెలుగును. ఆపిన వెలుగు ఎక్కడికీ పోదు, షీటునే వేడెక్కిస్తుంది. అంటే రంగు ఎంత ముదిరితే ప్లాస్టిక్ ఆయుష్షు అంత తరుగుతుంది. 2010 జులైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైన దేశమిది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. మనుషులకే నీడ తప్పనిసరి అయిన చోట ప్లాస్టిక్ ముక్క ఎంత తట్టుకుంటుంది? లేత పొగరంగు వల్ల కంటికి హాయి, సీట్లో పెట్టిన సంచి బయటివాళ్లకు తేలిగ్గా కనపడకపోవడం, ఈ రెండూ దక్కుతాయి. చల్లదనం మాత్రం నీడలో ఆపితేనే, కవరు కప్పితేనే వస్తుంది.

ఈ కిటికీని బతికించుకోవడమూ ఒక పనితనమే. షమాల్ గాలి వీచిన మర్నాడు దాని మీద సన్నటి దుమ్ము పేరుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబరు తెల్లవారుజాముల్లో తేమ పట్టి ఆ దుమ్ము బురద అవుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే అందులోని ఇసుక రేణువులే గీతలు గీస్తాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి ఇసుక జారనివ్వాలి. ఆ తరవాత మెత్తటి తడిగుడ్డ. ఇంట్లో గాజుకు వాడే అమ్మోనియా క్లీనరు దీని జోలికి రానివ్వకూడదు, మసకబారుస్తుంది. టాపు దించేది నవంబరు నుంచి మార్చి దాకా, గాలి చల్లగా ఉన్నప్పుడే. సరిగ్గా ఆ చల్లటి పొద్దుల్లోనే ప్లాస్టిక్ బిగుసుకుని ఉంటుంది. కాసేపు ఎండ తగలనిచ్చి, జిప్పు తీసి, మడత మధ్యలో ఉతికిన పాత పంచె పరిచి అప్పుడు దించాలి. కుట్టుకు పట్టిన ఓపికలో పదోవంతు వాడేవాడికి లేకపోతే మాస్టర్ శ్రమ రెండు శీతాకాలాలకే వృథా.

చట్టమూ ఈ పనిలో భాగమే. ఖతర్‌లో పాత కారుకు ఇస్తిమారా (రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్ చేయించాలంటే ఫాహెస్ తనిఖీ దాటాలి. కాబట్టి ఏ అద్దానికి ఎంత నలుపు చెల్లుతుందో ట్రాఫిక్ విభాగాన్ని అడిగి తెలుసుకున్నాకే షీటు కోయించాలి. మన దేశంలో మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. అవిషేక్ గోయెంకా వేసిన పిటిషన్‌పై 2012లో సుప్రీంకోర్టు ఒక స్పష్టమైన తేడా చూపింది. గాజు తయారీలోనే ఆ పరిమితిలో రంగు ఉంటే సరే, తరవాత పైన ఫిలిం అతికించడం మాత్రం కుదరదంది. ఆ పిమ్మట నిబంధనలు మారాయి. పరిమితులకు లోబడిన ఫిలిం వాడవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. కోర్టు ఆలోచించింది భద్రత గురించి, మాస్టర్ ఆలోచించింది జిగురు గురించి. ఇద్దరూ మొదట అడిగింది మాత్రం ఒకటే: ఆ రంగు లోపలిదా, పైన అతికించిందా?

నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆయన కాదనడం. ఫిలిం వేసి పంపిస్తే ఆయనకు గంట పని, చేతిలో రొక్కం. బుడగలు లేచేనాటికి నేను ఇంకో షాపుకు పోతాను. ఆ తేలికపాటి డబ్బు వదులుకుని, సగం రోజు పట్టే కుట్టుకు సిద్ధపడి, చివరికి నాకు నచ్చిన ముదురు రంగునూ చీకట్లో పరీక్ష పెట్టి కాదన్నాడు. పదార్థం స్వభావం తెలిసినవాడికే ఆ ధైర్యం ఉంటుంది. తెలియనివాడు అడిగినదల్లా చేసి పెడతాడు. కారు టాపు ఒక్కటే కాదు, ఇంటికి సున్నం వేయించినా, పంటికి తొడుగు పెట్టించినా ఇదే లెక్క. మీరు వెళ్లిన షాపులో ముందుగా ఒక ప్రశ్న వేయండి: ఏ పని చేయనంటారు? కారణంతో సహా జవాబు వస్తే నిశ్చింతగా కారు తాళాలు ఇచ్చేయండి.