జడభరతోపాఖ్యానమున “చికిత్స”

ఆంధ్రభాగవతమున పంచమస్కంధము గంగనకృతము. అందలి జడభరతోపాఖ్యానము చిరకాలముగ జ్ఞానబోధకథగనే వ్యాఖ్యానింపఁబడుచున్నది. లోకము జడుఁడని త్రోసివేసినవాఁడు నిజమున బ్రహ్మవేత్త యనుటయే దాని సారమని పలువుర తలంపు. ఈ తలంపు సరియైనదే కాని సంపూర్ణము కాదు. సంస్కృతమూలమునందలి సంవాదమును బరిశీలించినచో వేఱొక ప్రశ్న గోచరించును. ఒకని ఉన్మత్తుఁడని నిర్ణయించుటకుఁ గొలమాన మెద్ది? అట్లు నిర్ణయించినవారికి వానిపైఁ గల యధికార మెంత?

కథ సుప్రసిద్ధము. భరతుఁడు హరిణజన్మానంతరము విప్రుఁడై పుట్టి, సంగభీతిచే ఉన్మత్తునివలె, జడునివలె, అంధబధిరునివలె మెలఁగెను. తండ్రి నాలుగు మాసములు గాయత్రి నేర్పఁజూచి విఫలుఁడయ్యెను. పిమ్మట సోదరు లతనిని పొలము పనికిఁ బంపి, నూకలు, తెలగపిండి, మాడిన మెతుకులు పెట్టిరి. దొంగలు భద్రకాళికి బలి యీయఁ గొనిపోయిరి. తుదకు సింధుసౌవీరాధిపతి రహూగణుని బోయీలు పల్లకి మోయఁ బట్టుకొనిరి. జీవులను త్రొక్కకుండ ముందు చూచుకొనుచు నడచుటచే నతని యడుగు తక్కినవారి యడుగుతోఁ గలియలేదు. పల్లకి కుదిలెను. అతనివలన లోకమునకుఁ గలిగిన యపకార మింతయే.

రహూగణుఁడు మొదట పరిహసించెను. పిదపఁ గోపించి, యమునివలె దండము పూని యతనికిఁ “జికిత్స” చేయుదుననెను. ఈ పదప్రయోగము గమనింపఁదగినది. రాజు చేయఁదలఁచినది దండనము. దానికిఁ బెట్టిన పేరు వైద్యము. నడక కలియనివాఁడు రోగి. రోగి గావున శిక్షార్హుఁడు. అధికారమున నున్నవాఁడు తన యసౌకర్యమును ఎదుటివాని వ్యాధిగాఁ జెప్పుట యెంత సులభమో యీ యొక్క పదమే తెలుపుచున్నది.

భరతుని ప్రత్యుత్తరము ద్విముఖము. తాను స్వరూపస్థితి నొందినవాఁడైనచో నీ చికిత్సవలనఁ బ్రయోజనము లేదు. నిజముగ జడుఁడే యైనచో శిక్ష పిండిని మరల విసరుటవంటిది. వ్యాఖ్యానపరంపర మొదటి పక్షమును విస్తరించినంతగా రెండవదానిని విస్తరింపలేదు. న్యాయము మాత్ర మీ రెండవ పక్షముననే యున్నది. రహూగణుఁడు పల్లకి దిగి సాష్టాంగపడుటకుఁ గారణము బ్రహ్మకులావమానభీతి. మోసినవాఁడు జ్ఞాని కాక నిజమున మందబుద్ధియే యైనచో రాజు దిగియుండునా? దిగకున్నచో నాతని పశ్చాత్తాపము అర్ధధర్మమే. బలికిఁ గొనిపోవుట భరతుఁడు జ్ఞాని యగుటచేతనే పాపమయ్యెనా? ఎట్టి మనుష్యుఁడైనను అది పాపమే కదా!

ఇచట వైద్యశాస్త్రమును స్మరింపవలెను. చరకుఁడు మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము — వీని విభ్రమమును ఉన్మాదమని నిర్వచించి, దానిని ఐదు విధములుగ విభజించెను. విభ్రమ మనఁగా నున్న స్థితినుండి తప్పుట. చికిత్సకు ఫలము మనస్సు తన ప్రకృతికి మరలుట. కావునఁ గొలమానము పొరుగువాని నడక కాదు, ఎవని ప్రకృతి వానిదే యని యూహింప నవకాశము కలదు. అయినను “ఆచార” పదము సందిగ్ధము. దానిని లోకాచారముగఁ గొన్నచో రహూగణుని కొలమానమే మరల వచ్చును. చరకుని చికిత్సలందును సాంత్వనము, దానము ఒకవైపు, తర్జనము, త్రాసనము వేఱొకవైపు నిలిచియున్నవి.

ఆటిజము మొదలగు మనోభేదములు మానవజాతికి సహజమగు వైవిధ్యమేకాని సర్వత్ర వ్యాధులు కావను వాదము 1990 దశకమునుండి ప్రబలినది. భారతదేశపు 2017 నాఁటి మానసికారోగ్యసంరక్షణచట్టము సైతము, సమాజమునఁ జెల్లు నైతిక, సాంఘిక, మతవిశ్వాసాదులకు లోఁబడకుండుటను మానసికవ్యాధినిర్ణయమునకు ఆధారముగఁ గొనరాదని శాసించినది. ఐనను వైవిధ్యవాదమును హద్దు మీఱ లాగరాదు. నిద్రాహారములు మఱచి, భయముచేఁ దపించువాని బాధను కేవల భేదమనుట నిర్దయ. ఆతఁడు కోరునది వ్యాఖ్యానము కాదు, ఉపశమనము. భేదమును వ్యాధి యనుట యొక దోషము; వ్యాధిని భేదమని విడుచుట వేఱొక దోషము. బాధ యెవరిది, బాధపడువాఁడా, పల్లకిలోఁ గూర్చున్నవాఁడా యని విచారించుటయే మొదటి కర్తవ్యము.

ఈ యుపాఖ్యానమును బోధించు పండితుల యెదుటఁ బలుమాఱు అక్షరము పట్టుపడని బాలుఁ డొకఁడు కూర్చుండును. వానియందు జడభరతుఁడు దాఁగియుండవచ్చునని చెప్పి యాదరించుట మంచిదే. కాని యట్టి నిగూఢజ్ఞాన మేమియు లేకున్నను వాఁడు ఆదరింపఁదగినవాఁడే యని చెప్పఁగలిగిననాఁడే భరతుని ప్రత్యుత్తరమునందలి రెండవ పక్షము సార్థకమగును.