బైటు లెక్క తెలిసిన చేతులు

సైటు పడిపోయాక పరుగెత్తేవాళ్ళు చాలామంది ఉంటారు. పడబోతోందని గ్రాఫు చూసి ముందే చెప్పే అడ్మిన్లు కొద్దిమందే. నా గౌరవమంతా వాళ్ళకే.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చి ఉపగ్రహ లింకు మీద అమెరికాతో పని నడిపిన నాటి నుంచీ, సన్నని లైను మీద పెద్ద పని చేయడం బెంగళూరుకు అలవాటు. డౌన్‌లోడ్లకు లైన్లు సరిపోని రోజుల్లో, 1996లో అతుల్ చిట్నీస్ పీసీక్వెస్ట్ పత్రికతో పాటు లినక్స్‌ను సీడీ మీద పాఠకుల చేతికి అందించారు. బ్యాండ్‌విడ్త్ ఆదా చేయడమంటే అదీ!

బ్యాండ్‌విడ్త్‌ను కనిపెట్టుకునే ఈ విద్యంతా లెక్కలోనే ఉంది. పోర్టు వేగం బిట్లలో చెబుతారు, నెల కోటా బైట్లలో ఇస్తారు. 8తో భాగించడం మరిచారో, దెబ్బతిన్నట్టే. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆగకుండా పారితే 30 రోజులకు 324 గిగాబైట్లు. అంటే 1 టెరాబైట్ కోటా ఉన్న సర్వరు సగటు 3 మెగాబిట్ల దగ్గరే ఆగాలి. 100 మెగాబిట్ల పోర్టు నిండుగా పారితే ఆ కోటా ఒక్కరోజు కూడా నిలవదు.

95వ పర్సెంటైల్ బిల్లింగు ఇంకో కళ. 5 నిమిషాలకో కొలత తీసి, పై 5 శాతం కొట్టేసి, మిగిలినవాటిలో పెద్దదానికి బిల్లు వేస్తారు. నెలలో 36 గంటల పోటు లెక్కలోకే రాదు. పండగ సేలు రద్దీని ఆ 36 గంటల్లో ఇమిడ్చే అడ్మిన్‌కు చేతులెత్తి మొక్కాలి.

ఇక కొలిచే పనిముట్ల మాట. 64 కిలోబిట్ల లింకును కనిపెట్టుకుని ఉండడానికే తోబియాస్ ఓటికర్ ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాం రాశాడు. 1995లో దాన్ని లోకానికి ఇచ్చేశాడు. అది 5 నిమిషాలకోసారి రౌటరు కౌంటర్లు చదివి గ్రాఫు గీస్తుంది. అయితే 32 బిట్ల కౌంటరు 4.29 గిగాబైట్లకు మళ్ళీ సున్నాకొస్తుంది. నిండిన గిగాబిట్ లింకు మీద 34 సెకన్లే పడుతుంది. అందుకే నిపుణులు 64 బిట్ల కౌంటరే చదువుతారు. ఒంటరి సర్వరుకైతే నా ఓటు టేము టోయివోలా రాసిన వీఎన్‌స్టాట్‌కే. ప్యాకెట్ల జోలికి పోకుండా కెర్నెల్ లెక్కలు చదివి, రోజువారీ, నెలవారీ పద్దు రాసిపెడుతుంది.

ఇంతటి విద్యను ‘అన్‌లిమిటెడ్’ అనే ఒక్క మాట మింగేస్తోంది. హోస్టింగు ప్రకటనలో హద్దులేదంటారు, షరతుల్లో ‘ఫెయిర్ యూసేజ్’ అని చిన్న అక్షరాల్లో హద్దు పెడతారు. ఇది మోసం కాక మరేమిటి? అమీర్‌పేటలో కోర్సు చేసి మారతహళ్ళి పీజీల్లో దిగుతున్న మన పిల్లలకు డాష్‌బోర్డు రంగులు నేర్పుతున్నారు, కౌంటరు చదవడం నేర్పడం లేదు. మన సర్వరులోని 5 మెగాబైట్ల బొమ్మను ఎవరో తమ సైటులో నేరుగా తగిలించుకుంటే, 2 లక్షల చూపులకు మన టెరాబైట్ ఖాళీ. అది యాక్సెస్ లాగును బైట్ల వారీగా పేర్చి చూసేవాడికే దొరుకుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈరోజే వీఎన్‌స్టాట్ పెట్టండి. కోటాలో 70 శాతం దాటితే అలర్టు వచ్చేలా చూడండి. సీనియర్లూ, పక్కన కూర్చోబెట్టుకుని గ్రాఫు చదవడం నేర్పండి. హోస్టింగు కంపెనీలారా, ప్యాకేజీ పేరు పక్కనే కోటా అంకె పెద్ద అక్షరాల్లో వేయండి!