గట్టిదానికి రంది ఉండదా?

కడుపుతో ఉన్న ఆడమనిషి ఏడవకూడదంటారు. ఏడిస్తే బిడ్డకు తగులుతుందంటారు. సంతోషంగా ఉండమని ఇంటి పెద్దలూ చెప్తారు, ఆసుపత్రి గోడ మీది బొమ్మా చెప్తుంది. ఈ నియమం ఆడవాళ్లందరి మీదా ఉన్నదే. మా వాడల్లో దాని మీద ఇంకొకటి కూచున్నది. 'మీవాళ్లు గట్టోళ్లు, ఇయ్యాల కని రేపు నాటుకు పోతరు' అనే మాట అది. ఈ మాటను పొగడ్తగా అనేవాళ్లలో ఊరి దొరలే కాదు, మా మగవాళ్లూ ఉన్నారు, ఉద్యమ వేదికల మీద మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఈ పొగడ్తనే మేము ఇక్కడ విమర్శకు పెడుతున్నాం.

తెలుగు సాహిత్యంలో గర్భిణి దుఃఖం లేకపోలేదు. నిండు చూలాలైన సీతను అడవిలో వదిలేసిన కథ కావ్యాలైంది, నాటకాలైంది, 1963లో 'లవకుశ' సినిమా కూడా అయింది. ఊళ్లకు ఊళ్లు ఏడ్చినయి. అక్కడ ఏడ్చింది రాణి కదా! తర్వాత స్త్రీవాదులు వచ్చి మాతృత్వాన్ని పీఠం మీంచి దించారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చేసిన మేలు తక్కువది కాదు, దాన్ని మేమూ పొందాం. అయితే ఆ చర్చలో నొప్పి పడే మనిషికి 'స్త్రీ' అనే ఒక్క పేరే ఉండేది. ఆ స్త్రీ ఎవరని జూపాక సుభద్ర, గోగు శ్యామల వంటివాళ్లు నిలదీసి అడగాల్సి వచ్చింది. కాన్పుల గదిలో బల్ల మీద పడుకున్నామెను 'ఏ వాడ మీది?' అని అడిగి, జవాబు విన్నాక మారిపోయే ఆ గొంతును పట్టుకోకుండా ఆ గదిని పూర్తిగా చూసినట్టు కాదు.

ఇక వైద్యశాస్త్రం సంగతి. 1987లో స్కాట్లాండ్‌లో 10 ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారైంది. ఎడిన్‌బరో స్కేల్ అంటారు. బాలింతల కుంగుబాటును పసిగట్టడానికి పుట్టినా, ఇప్పుడు దీన్ని గర్భిణులకూ వాడుతున్నారు. గడిచిన 7 రోజుల్లో నవ్వగలిగావా, నిద్ర పట్టిందా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా వంటి సంగతులు అడుగుతుంది. ఇది జబ్బును తేల్చేది కాదని, అనుమానం కలిగితే డాక్టరు చూడాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. వాళ్లతో మాకు పేచీ లేదు. మా పేచీ దాన్ని మన ఊళ్లలో అడిగే తీరుతో. నాటు ముఠాలో నడుము వంచిన ఆడవాళ్లు నవ్వుతారు, పరాచికాలాడుతారు, పాటలు కడతారు. నవ్వగలిగావా అంటే అవుననే చెప్తారు. అత్త పక్కనే కూచుని ఉంటే చావాలనిపించిందని ఎవరు చెప్తారు? పైగా పుస్తకాల్లో 'కుంగుబాటు' అనేదాన్ని మావాళ్లు రంది అంటారు, మనాది అంటారు. 'మనాది పట్టుకున్నదా బిడ్డా' అని పక్కకు పిలిచి అడిగితే వచ్చే జవాబు వేరు.

విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసి 2002లో అచ్చువేసిన అధ్యయనం ఇంతకంటే ముందుకు పోయింది. కాన్పయిన 6 నుంచి 8 వారాలకు 23 శాతం తల్లుల్లో కుంగుబాటు కనబడింది. వాళ్లలో 78 శాతం మంది కడుపుతో ఉన్నప్పుడే బాగా నలిగిపోయి ఉన్నవాళ్లు. పేదరికం, మొగుడితో సరిపడకపోవడం, మగబిడ్డ కోసం ఇంటివాళ్ల ఆరాటం దీని వెనక ఉన్నాయని వాళ్లు రాశారు. అంటే రోగం ఆమె తలలో మాత్రమే లేదు, ఇంట్లో ఉంది, కూలి డబ్బుల్లో ఉంది. ఇంటిదాకా వచ్చిన ఈ చూపు వాడదాకా కూడా రావాలని మేమంటాం.

మాలో ఒకామె రెండో కాన్పుకు ఏడో నెల దాకా నాట్లకు పోయింది. మొదటిది ఆడపిల్ల. మళ్లీ ఆడపిల్లయితే ఏమవుతుందోనని రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ సంగతే ఆసుపత్రిలో చెప్పుకుంటే 'మీకేం, గట్టోళ్లు' అని ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపారు. ఇంట్లో చెప్తే 'మా అమ్మ తొమ్మిది మందిని కన్నది, ఒక్కనాడు ఇట్ల అనలే' అన్నాడు ఆమె మొగుడు. ఆ తల్లి ఎవరికి చెప్పుకుని ఉంటుంది? ఎవరడిగారని?

గట్టిది అన్నాక ఆమెకు విశ్రాంతి ఇవ్వనక్కర్లేదు, అసలు సంగతి అదీ. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. నెల జీతం, హాజరుపట్టీ ఉన్నవాళ్లకు పనికొచ్చింది. నాటు కూలికి సెలవు ఇచ్చే యజమాని ఎవరు? 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6000 రూపాయలన్నది. 2017లో కేంద్రం తెచ్చిన పథకం దాన్ని 5000 చేసి, మొదటి కాన్పుకే అన్నది. రెండో కాన్పుకు, అదీ ఆడపిల్ల పుడితేనే, తర్వాత 2022లో కలిపారు. ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయం మాత్రం కడుపుతో ఉన్న ఆ తొమ్మిది నెలలూ ఉండేదే.

మా సంఘాల మీటింగుల్లో భూమి మాట్లాడతాం, కూలి రేట్లు మాట్లాడతాం, అట్రాసిటీ కేసులు మాట్లాడతాం. ఈ మధ్య ఒక మీటింగులో పైన చెప్పిన ఆమే లేచి, ఈ రంది గురించి కూడా మాట్లాడదాం అన్నది. 'అది ఆడోళ్ల సంగతి అక్కా, అంగన్‌వాడీలో మాట్లాడుకోరాదే' అన్నాడు మైకు దగ్గరున్న తమ్ముడు. చాలామంది నవ్వారు. ఆమె కూడా నవ్వింది.