కొండను అడిగి ఎక్కేవాళ్లు

తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర మా పెద్దమ్మ కొంగు బిగించి నా కాళ్లకేసి చూసింది. "చెప్పులేసుకుంటే మెట్టు నునుపో గరుకో నీకెట్ల తెలుస్తాది నాయనా?" అంది. ఆ రోజు మాకు దారి చూపింది ఆమే. ఎన్నిసార్లు ఎక్కిందో ఆమెకే లెక్క లేదు.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు ఇంతకంటే చాలా పొట్టి దారి. అయినా నడక నేర్పేది అలిపిరే అంటాను. గాలిగోపురం దాకా ఒకటే నిట్టనిలువు. ఆ తర్వాత చదును, జింకల పార్కు, కొంతదూరం ఘాట్ రోడ్డు. ఇక కొండెక్కేశాం అనుకునేసరికి మోకాళ్ల మిట్ట. "గాలిగోపురం దాకా ఊపిరి దాచుకో, మిట్ట దాకా కాళ్లు దాచుకో" అనేది పెద్దమ్మ.

దారి మొదట్లోనే తలయేరు గుండు ఉంటుంది. దానికి తల, మోకాళ్లు ఆనించి మొక్కితే ఎక్కేటప్పుడు నొప్పులు రావని నమ్మకం. పెద్దమ్మ రెండు మోకాళ్లూ ఆనించి కళ్లు మూసుకుంది. నేను తొందరపెట్టలేదు.

ఆ తర్వాత మెట్ల పూజ. మెట్టు ముందు వంగి, బొటనవేలితో పసుపు అద్ది, దాని మీద ఉంగరపు వేలితో చిటికెడు కుంకుమ. నిలబడి ఒక అడుగు. మళ్లీ వంగడం. పక్కన కుర్రాళ్లు రెండేసి మెట్లు దూకుతూ వెళ్లారు. కాసేపటికి వాళ్లే చెట్టు కింద కూలబడి రొప్పుతున్నారు. పెద్దమ్మ మాత్రం ఎక్కడా ఎక్కువసేపు కూర్చోలేదు. ఎవరో "ఏడుకొండలవాడా" అని ఎత్తుకుంటే ముందూ వెనకా ఉన్నవాళ్లంతా "గోవిందా" అని అందుకుంటారు. గట్టిగా అరవాలంటే గుండెల నిండా గాలి పీల్చుకోవాలి. పిలిచే ఊపిరి లేదంటే అడుగు తగ్గించాలని అర్థం. ఇంతకంటే మంచి కొలమానం నాకు తెలియదు.

ఈ పద్ధతులన్నిటికీ మూలం ఒక్కటే. ఈ కొండ ఆదిశేషుడు, కాలు మోపే ముందు అడగాలి. రామానుజులు పాదం మోపడానికి మనసొప్పక మోకాళ్లతో ఎక్కారని ఐతిహ్యం. చెప్పులతో ఎక్కిన బాల అన్నమయ్య మోకాళ్ల మిట్ట దగ్గరే సొమ్మసిల్లితే అలమేలుమంగ వచ్చి చెప్పులు విడిపించి, ప్రసాదం పెట్టిందని ఆయన మనవడు చినతిరువేంగళనాథుడు రాశాడు. మర్యాదగా నడిచేవాడికి కొండ నిదానం నేర్పుతుంది, ఆ నిదానమే వాణ్ణి పైకి చేరుస్తుంది.

ఇది అడవి దారి అని కూడా మరవకూడదు. 2023 ఆగస్టులో ఇక్కడ చిరుతపులి ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత దేవస్థానం నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చింది, గుంపులుగా పంపింది, పిల్లలకు వేళలు పెట్టింది. ఒంటరిగా వెనకబడొద్దని మన పెద్దవాళ్లు చెప్పే మాటే అది.

మోకాళ్ల మిట్టలో పెద్దమ్మ పసుపు పొట్లం ఖాళీ అయింది. నా గుండె జారింది. ఆమె నవ్వి కొంగు ముడి విప్పింది. ఆఖరి మెట్టు కోసమని కింద ఇంట్లోనే కాస్త పసుపూ కుంకుమా విడిగా కట్టి తెచ్చుకుంది.