చేపకంటికి కట్టిన తెర

అండమానులోని వాండూరు సముద్రోద్యానమున అద్దపుటడుగు పడవలో కూర్చుండి పగడపు దిబ్బలను చూచినవారెల్లరు ఆ రంగులను వేనోళ్ల పొగడుదురు గాని, ఆ రంగుల నడుమ మసలు చేపకు అవి ఎట్లు గోచరించునో విచారించువారు అరుదు. గాలము వేయు మన తెలుగు జాలరులకు మాత్రము ఈ విచారము కొంత తప్పదు.

ప్రయోగశాలలో ఈ విచారమే వేరొక రూపము దాల్చినది. గంగాపరీవాహపు వాగులలో పుట్టి, 1822లో హామిల్టను మత్స్యగ్రంథమునకెక్కిన జీబ్రాచేప పిల్లను, వారము దినముల ప్రాయమున, కదలకుండ మందిచ్చి, అగరోజు జిగురులో నిలిపి, అడుగున చారలు జరుగునట్లు తెర నమర్చి, 2012లో నాడీశాస్త్రజ్ఞుడు మిషా ఆరెన్సు బృందమువారు ఒక మాయాప్రవాహమును సృష్టించిరి. చారలు ముందుకు జరుగగా, నీరు తన్ను వెనుకకు లాగుచున్నదని భ్రమించి చేప యీదబూనును. తోక కదలదు, కాని తోకనాడులలో పుట్టిన ప్రేరణను పసిగట్టిన యంత్రము, అది నిజముగా ఈదినట్లే చారలను వెనుకకు జరుపును. ఇంతలో మెదడున ఏ కణము ఉత్తేజితమైనను అందు కాల్షియము పెరిగి ఆ కణము మిణుకుమనును. జెల్లీచేపనుండి గ్రహించిన వెలుగుజన్యువును మార్చి ఈ పిల్లయందు చేర్చుటయే అందులకు కారణము. దేహము పారదర్శకము గనుక పుర్రె తెరువనక్కరలేదు.

ఈ విద్యలో కష్టమంతయు తెరయందే యున్నదని నాకు తోచును. మన తెరలు మన కంటి కొలతకు కుట్టిన చొక్కాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలములతోనే మనలను మోసగించును. జీబ్రాచేప కంట రంగులను గ్రహించు శంకుకణములు నాలుగు విధములు గలవు, వానిలో ఒకటి అతినీలలోహితమును గ్రహించును. అతినీలలోహిత దీపమును వేరుగ కూర్చనిదే మనము చూపిన ఆకాశము దానికి ఆకాశము కానేరదు.

ఇక అండమాను దిబ్బల పగుళ్లలో కాపురముండు మాంటిస్ ష్రింప్, రొయ్యకు దూరపుజ్ఞాతి, మరింత మొండిది. దాని తెగలలో కొన్నింటికి రంగులకే పండ్రెండు విధముల గ్రాహకములు గలవు. అయినను దగ్గర దగ్గర రంగులను వేరుపరచుటలో అది మనకంటె తక్కువదని 2014లో తేలినది. ఒక రంగును మరియొకదానితో పోల్చక, ఏ గ్రాహకము మేల్కొన్నదో దానినిబట్టియే గుర్తించునని శాస్త్రజ్ఞుల ఊహ. పైగా అది కాంతిధ్రువణమును, అనగా కాంతితరంగము ఊగు దిశను, సైతము చూడగలదు. మన బల్లపై ఎల్‌సీడీ తెర వెలువరించునది ధ్రువిత కాంతియే గనుక, మనము ఖాళీయనుకొన్న తెల్లని పలకయందు ఆ జీవికి ఏమేమి కనుపించునో మొదట లెక్కగట్టనిదే, దానికి చూపదలచిన బొమ్మను గీయుట కూడ వ్యర్థమే.