లెక్కలు రాసిన మనిషి

'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్' అనగానే చాలామందికి గుర్తొచ్చేది 'డీప్ త్రోట్' అనే అజ్ఞాత వ్యక్తి. అతను ఎఫ్.బి.ఐ. ఉన్నతాధికారి మార్క్ ఫెల్ట్ అని 2005లో తెలిసిపోయింది. గుట్టు విడిపోయాక ఆ పుస్తకంలో ఇంకేముంది అనేవాళ్ళున్నారు. కామర్స్ చదివి, బ్యాంకులో వోచర్లు తిరగేస్తూ తల నెరిసిన నాకు దాని బలం మరోచోట కనిపిస్తుంది.

1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో దొంగతనంగా చొరబడ్డ ఐదుగురు పట్టుబడ్డారు. అధ్యక్షుడు నిక్సన్ మనుషులు తమకేమీ సంబంధం లేదన్నారు. 'వాషింగ్టన్ పోస్ట్' విలేఖరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ ఆ మాటలు వదిలేసి డబ్బు జాడ పట్టుకున్నారు. నిక్సన్ ఎన్నికల నిధికి వచ్చిన 25,000 డాలర్ల బ్యాంకర్స్ చెక్కు, ఆ ఐదుగురిలో ఒకడైన బార్కర్ ఖాతాలో జమపడింది. ఆగస్టు 1న ఆ సంగతి అచ్చయింది. ఎవరెంత కాదన్నా జమపడ్డ పద్దు అబద్ధమాడదు కదా!

నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం నిక్సన్ ఎన్నికల సంఘంలో లెక్కలు రాసిన ఒక ఉద్యోగిని. పుస్తకంలో ఆవిడకు పేరు లేదు, 'బుక్‌కీపర్' అంతే. రహస్య నిధి సొమ్ము ఎవరికి ముట్టిందో భయపడుతూనే పొడి అక్షరాల్లో చెప్పింది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు నోరు మెదపని రోజులవి. ఈ ఘట్టాన్ని రచయితలు ఆర్భాటం లేకుండా రాశారు.

తమ పొరపాటునూ దాచలేదు. హాల్డెమన్ పేరు స్లోన్ గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడని 1972 అక్టోబరులో రాశారు. అతను అక్కడ చెప్పలేదు. ఆ అవమానమంతా పుస్తకంలో ఉంది. తప్పు పద్దును గీకెయ్యకుండా, పక్కన సరిదిద్ది సంతకం పెట్టడమంటే ఇదే. అందుకే మిగతా పేజీల్ని నమ్ముతాం.

లోపం లేకపోలేదు. 1974 ఆగస్టు 9న నిక్సన్ పదవి వదిలాడు. పుస్తకం అంతకు ముందే వచ్చింది. ఇదొక్కటే చదివితే ఇద్దరు విలేఖరులే ప్రభుత్వాన్ని కూల్చారనిపిస్తుంది. న్యాయమూర్తి సిరికా, సెనేట్ సంఘం, చివరికి సుప్రీంకోర్టు ఇప్పించిన టేపులు లేకపోతే అది జరిగేది కాదు.

మనం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వార్తలు చదివేవాళ్ళం. ఏ భాషలోనైనా కుంభకోణం వార్త కనబడితే, ఇందులో ఆరోపణ ఎంత, పద్దు ఎంత అని వేరుచేసి చూడటం ఈ పుస్తకం నేర్పుతుంది. యాభై ఏళ్ళు దాటినా దీన్ని చదవమనడం అందుకే.