కోష్టా, పుష్కరమూలమా?

మా అమ్మమ్మ సున్నిపిండిలో బావంచాలు, కచ్చూరాలతో పాటు చెంగల్వ కోష్టు పడాల్సిందే. తలనూనె కాచినా అంతే. ఆ కోష్టు కోసం ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై జార్జి టౌన్ వెళ్తుంటాను. పూల అంగళ్లు దాటి కందకోట్టం గుడి వైపు నడిస్తే, టౌన్‌ను ఆనుకున్న పార్క్ టౌన్‌లో రాసప్పచెట్టి వీధి వస్తుంది. అక్కడ వరసగా మూలికల కొట్లు, గోనెసంచుల నిండా వేర్లు, బెరళ్లు, గింజలు. తమిళంలో కోష్టం అంటారు గానీ, తెలుగులో అడిగితే తెలుగులోనే బదులు చెప్పేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు.

పోయినసారి పుష్కరమూలం కూడా కావాలన్నాను. కొట్టు పెద్దాయన రెండు వేరుముక్కలు తీసి నా అరచేతిలో పెట్టారు. "ఏది ఏదో చెప్పమ్మా, చూద్దాం" అన్నారు. రెండూ మట్టిరంగే, రెండూ ముడతలే. ఏళ్ల తరబడి కోష్టు కొంటున్నదాన్ని, చెప్పలేకపోయాను.

ఆ రెండూ హిమాలయాల్లో పుట్టేవే. పైగా రెండూ చామంతి కుటుంబానివే. ఈ కుటుంబం సంగతి తెలియాలంటే పూల అంగట్లో ఒక నాటు చామంతి కొని విప్పి చూడండి. రెక్క అని మనం అనుకునే ప్రతిదీ ఒక పువ్వు. నడిమి పసుపు బొడ్డులో ఉన్నవి గొట్టాల్లాంటి బుల్లి పూలు. వందలాది పూలు ఒకే గిన్నెలో కూర్చుని ఒక పువ్వులా కనిపిస్తాయి. బంతి, పొద్దుతిరుగుడు కూడా ఇంతే.

కొండమీద అయితే కోష్టునీ పుష్కరమూలాన్నీ చిన్నపిల్లలైనా విడదీస్తారు. పుష్కరమూలం పువ్వు పసుప్పచ్చగా, చుట్టూ రెక్కలతో చిన్న పొద్దుతిరుగుడులా ఉంటుంది. కోష్టు పువ్వుకు రెక్కలే ఉండవు. ముదురు ఊదా రంగు గొట్టాలు మాత్రమే గట్టి బుడిపెలా గుత్తులు కడతాయి. దీని అన్నదమ్ముల్లో ఒకటి అసలైన బ్రహ్మకమలం, ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. మన ఇళ్లలో రాత్రిపూట విచ్చుకునే తెల్లని బ్రహ్మకమలం వేరు, అది కాక్టస్ జాతి.

కానీ జార్జి టౌన్‌కు పువ్వు రాదు, ఆకు రాదు. ఎండిన వేరు ఒక్కటే వస్తుంది. దాన్ని పట్టుకుని మొక్కను పోల్చుకోవడమే ఆ కొట్లవాళ్ల విద్య.

పెద్దాయన ముందు లావు చూడమన్నారు. కోష్టు బొద్దుగా ఉంటుంది, ఒక్కోటి బొటనవేలిని మించిపోతుంది. పైన ముడతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వలలా అల్లుకుంటాయి. వేరు నడిబొడ్డు చాలాసార్లు కుంగిపోయి గుల్లగా ఉంటుంది. పుష్కరమూలం సన్నం, రెండు సెంటీమీటర్లు దాటడం తక్కువ. గీతలు నిలువుగా సాగి, అక్కడక్కడ బెరడు పగిలి ఉంటుంది. విరిస్తే లోపల పసుపు కలిసిన గోధుమరంగు.

తర్వాత వాసన. కోష్టు ముక్కను అప్పుడే విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె రాసిన జడ వాసన, దాని వెనకే తడిమన్ను. పుష్కరమూలం విరిస్తే కర్పూరం తగులుతుంది. నాలుక కొసన పెట్టినా చేదుతో పాటు అదే కర్పూరం. కోష్టుది కొద్దిపాటి చేదు మాత్రమే. "పాత సరుకు పైన వాసన చూస్తే ఏమీ తెలియదు, విరిచిన చోటే చూడాలి" అన్నారాయన. నాకు ఆ ఒక్క మాటతోనే విద్య సగం వచ్చినట్లనిపించింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెండింటి పనీ వేరు. దగ్గు, ఆయాసం, ఎక్కిళ్లు, పక్కనొప్పి, వీటికి పుష్కరమూలం మేటి అంటుంది చరకసంహిత. వాతానికి ఒంటికి పట్టించే నూనెల్లో, కట్టే పట్టుల్లో కోష్టుదే పైచేయి అంటుంది. పుష్కరమూలం దొరక్కపోతే కోష్టు వాడుకోవచ్చని భావప్రకాశం వెసులుబాటు ఇచ్చింది. నా ఉద్దేశంలో అది తెలిసి వాడేవాడికి ఇచ్చిన వెసులుబాటు. అడిగినవాళ్లకు చెప్పకుండా పొట్లం కట్టడానికి కాదు. చెప్పకుండా వేరు మారిపోతే ఎంత ముప్పో చూడండి: 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఒక చైనా వేరుకు బదులు ఇంకో వేరు కలిసి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

కోష్టుకు పేరు తెచ్చిన తంటా ఇంకొకటి ఉంది. క్రీస్తుశకం తొలి శతాబ్దంలోనే ఇది భరుకచ్ఛం రేవు నుంచి ఓడలెక్కి రోముకు పోయేది, అక్కడ కోస్టస్ అనేవారు. శాస్త్రజ్ఞులు ఆ పేరును అల్లానికి దగ్గరి చుట్టమైన వేరే మొక్కకు పెట్టేశారు. అసలు కోష్టు కాశ్మీరు కొండల మొక్కదని వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూ ఫాల్కనర్ 1840ల్లో తేల్చాడు. ఆ రెండో మొక్కనూ తెలుగులో చెంగల్వ కోష్టు అనే అంటున్నారు. ఈ రెంటినీ విడదీయడానికి మాత్రం ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. పొడి మీద అయోడిన్ చుక్క వేయండి. అల్లం చుట్టానిది పిండిదుంప కాబట్టి నీలిరంగుకు తిరుగుతుంది. చామంతి కుటుంబం వేళ్లలో పిండికి బదులు ఇనులిన్ దాచుకుంటుంది, అది నీలం కాదు. 1804లో ఈ ఇనులిన్‌ను మొదట వేరుచేసింది కూడా పుష్కరమూలం జాతి వేరు నుంచే.

వేరు తవ్వితే మొక్క పోతుంది. అలా తవ్వీ తవ్వీ అడవి కోష్టు అంతరించే అంచుకు చేరింది. 1985 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారంపై అత్యంత కఠినమైన ఆంక్షలున్నాయి. మన వన్యప్రాణి చట్టమూ దాన్ని రక్షిస్తోంది. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో రైతులు దాన్ని పొలాల్లో పండిస్తున్నారు.

కాబట్టి ఈసారి కోష్టు కొనేటప్పుడు పొడి వద్దనండి, వేరునే అడగండి. కొట్లోనే ఒక ముక్క విరిపించి వాసన చూడండి. పొలంలో పండించిందేనా అని అడగండి. కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి దగ్గర కొద్దిగా రాసి ఒకరోజు చూడాలి. కొందరి ఒంటికి కోష్టు పడదు, దద్దుర్లు వస్తాయి.